జవాబు మధ్యలో పడిన తలుపు

తోషియా గారికి,

నిన్న మీ ముఖం మీద తలుపు వేసింది నేనే. మీరు అపార్థం చేసుకోకముందే చెప్పాలని ఈ కార్డు రాస్తున్నాను.

లోకల్ రైళ్ళ అభిమానులం సొంతంగా నడుపుకునే మా చిన్న నెట్‌వర్క్ మీకు తెలుసు. దానితో కలిపి ఉన్న, మన మాటలు పోగేసి ప్రకటనలు అమ్ముకునే ఆ పెద్ద కంపెనీ వేదికను బ్లాక్ చేయాలని నేనే వాదించాను. ఓటింగులో గెలిచి, సంబరంగా మీట నొక్కాను.

సరిగ్గా అప్పుడే మీరు వాడే ఆ వేదిక నుంచి మీ సందేశం వచ్చింది. "మినోరి గారూ, పెళ్ళి గురించి అడిగారు కదా, నా జవాబు..." అన్నంతవరకే చదివాను. మాయమైంది.

నెట్‌వర్క్‌లోని మావాళ్ళందరూ ఇది చూశారు. "ఒక్క పూట తలుపు తీయమ్మా, అల్లుడి మాట విని మళ్ళీ వేసేద్దాం" అని ఒకటే గోల. ఓటంటే ఓటే అన్నాను.

చేపవడలు వేయిస్తున్న అమ్మ పడీపడీ నవ్వింది. "మనింట్లో కాలేజీ మెట్లెక్కింది నువ్వొక్కదానివే. జవాబు చదివాక నొక్కాలని అక్కడ చెప్పలేదటే?"

ఫోన్‌లో ఈ మాట మళ్ళీ అడగడం నా వల్ల కాదు. అందుకే జవాబు కార్డు జతగా ఉన్న పోస్టుకార్డు కొన్నాను. ఆ జవాబు కార్డు మీద పంపేవారి చోట మీ పేరు నేనే రాశాను. ఇంటిపేరు మాత్రం ఖాళీగా ఉంచాను. అక్కడ మీ ఇంటిపేరు రాస్తే కాదని అర్థం చేసుకుంటాను. మా ఇంటిపేరు రాస్తే, మా పేరు పెట్టుకుని వచ్చే ఇల్లరికపు అల్లుడికి అమ్మ వడలు వేయిస్తుంది.

జూలై ఏడులోగా అందాలి. ఆ సాయంత్రం నక్షత్రాల పండుగకు వెదురుకొమ్మకు కోరిక చీటీ కట్టాలి. ఇది తీరిపోతే వేరే కోరిక వెతుక్కోవాలి కదా.

మినోరి