పదహారు తొట్లు

"ఊరు ఊరంతా బిందెలు పట్టుకోని లారీ కోసం కాచుకోనుంటే, నువ్వేమప్పా, ఈడ మొక్కల్ని నీళ్లలో ముంచి చంపతా ఉండావు?"

డైరెక్టరు కోదండరాం అరుపుకి శేషాచలం చేతిలోని కాఫీ ఒలికింది. తొంభై మూడు, మే నెల. మద్రాసు కుళాయిల్లో గాలి తప్ప మరేమీ రాక రెండు నెలలైంది. శేషాచలం ఇంట్లో కూడా మనిషికి అర బకెట్టు స్నానమే.

"చంపడం కాదు సార్. ఏది చావదో చూస్తా ఉండా."

మాట బాగానే ఉంది గానీ, గొంతులో పస లేదు. పెరంబూరులోని ఆ చిన్న విత్తన పరిశోధన కేంద్రంలో ఆయన పని సోయా చిక్కుడు మీద. సోయాకి వేళ్ల దగ్గర నీళ్లు నిలిస్తే ఊపిరాడదు. వారం తిరక్కుండా పసుపెక్కి వాలిపోతుంది. అందుకని, ముంపుని తట్టుకునే మొండి నల్లగింజ రకాన్ని మామూలు సోయాతో కలిపి, వాటి మనవల్ని పదహారు కుండీల్లో నాటాడు. ఒక్కో కుండీని ఒక్కో తొట్టిలో దించి, మట్టి మునిగేదాకా నీళ్లు పోయించాడు. తట్టుకునే గుణం ఒకే ఒక్క జన్యువులో ఉంటే, ప్రతి నాలుగింటిలో మూడు బతకాలి, ఒకటి చావాలి. అంటే పన్నెండు బతకాలి, నాలుగు పోవాలి. అలా జరిగితే ఆ గుణాన్ని ఏ సోయాలోకైనా తేలిగ్గా ఎక్కించవచ్చు.

"పద్నాలుగు దినాలంటివి. ఈ పొద్దుతో సరి. పద, చూస్తాము. నువ్వు చెప్పినట్టు లేదనుకో, తొట్లన్నీ ఇప్పుడే బోర్లిస్తా. నువ్వు పోయి గోడౌన్లో మూటలకి చీటీలు కట్టుకుంటా కూచో."

నిజం చెప్పాలంటే, ఎండకి జడిసి శేషాచలం పరిశోధన మొత్తం తన గదిలో ఫ్యాను కింద కూర్చుని, కిటికీలోంచే చేశాడు. కిటికీ ముందు కనబడేవి నాలుగు తొట్లు. ఆ నాలుగింట్లోనూ మొక్కలు ఆరో రోజుకే తలలు వాల్చేశాయి. దాంతో మూల తిరిగి, వీధి వైపు ప్రహరీ గోడ వెంబడి ఉన్న తక్కిన పన్నెండింటినీ చూసే ధైర్యం ఆయనకి చాల్లేదు. తోటమాలి కుప్పుసామి రోజూ పొద్దున్నే కేంద్రం బోరు నీళ్లతో అన్ని తొట్లనీ అంచుదాకా నింపుతున్నాడు. ఆయనకి తెలిసింది అంతే.

కిటికీ ముందు కోదండరాం ఆగాడు. నాలుగు మొక్కలూ కుళ్లి నీళ్లలో తేలుతున్నాయి.

"బాగుంది. ఇదేనా నీ సాధన?"

"ఇంకా ఉండాయి సార్... ఆ పక్క" అన్నాడు శేషాచలం. తలమీద మిగిలిన నాలుగు వెంట్రుకలూ తిరుపతి వెంకన్నకే ఇస్తానని మొక్కుకుని, కళ్లు మూసుకునే మూల తిరిగాడు.

కోదండరాం చెప్పుల చప్పుడు ఆగింది. శేషాచలం ఒక కన్ను తెరిచాడు. తర్వాత రెండోది తెరిచాడు.

గోడ వెంబడి పన్నెండు తొట్లు. పన్నెండింట్లోనూ నిగనిగలాడుతూ పచ్చటి మొక్కలు. ఒకటి పూత కూడా పట్టింది.

కోదండరాం వేలితో ఒకసారి లెక్కపెట్టాడు. నమ్మకం కుదరక రెండోసారి లెక్కపెట్టాడు. పన్నెండే.

"ఇవి బలే తాగతాయి సార్" అన్నాడు వెనకే వచ్చిన కుప్పుసామి. "పొద్దున్నే నేను వచ్చేసరికి ఒక్కో తొట్టి అడుగంటి ఉంటాది. ఆ నాలుగు మాత్రం చుక్క తాగవు. నింపింది నింపినట్టే ఉంటాయి."

"ఒక్క మొక్క తొట్టెడు నీళ్లు తాగతాదా అప్పా?" కోదండరాం కళ్లు చిట్లించాడు.

శేషాచలానికి ఎక్కడలేని గొంతూ వచ్చేసింది. "మే నెల ఎండ సార్! చచ్చిన వేరు తాగదు, బతికిన వేరు ఊరుకోదు. ఇంతకంటే సాక్ష్యం ఏముండాది?"

కోదండరాం ఆయన్ని అమాంతం కౌగిలించుకున్నాడు. అరగంటలో ఢిల్లీకి ఫ్యాక్స్ వెళ్లిపోయింది. ముంపుని గెలిచే జన్యువు దొరికింది, అదీ ఒకే ఒక్కటి, కనిపెట్టినవాడు శేషాచలం. రేపట్నించి నూరు తొట్లు పెట్టుకోమని ఉత్తర్వు కూడా అయింది.

సాయంత్రం అయిదున్నరకి శేషాచలం తన గదిలో, కాళ్లు బల్లమీద చాపుకుని, పత్రికలవాళ్లు అడిగితే ఏ చొక్కాలో ఫోటో దిగాలా అని ఆలోచిస్తున్నాడు. ఊడ్చడానికి పచ్చయమ్మ వచ్చింది. తన రెండు ప్లాస్టిక్ బిందెలూ గుమ్మం బయట దించి, చీపురు తీసుకుంది. ఆయన లడ్డూల పొట్లం ముందుకి తోశాడు.

"తీసుకో పచ్చయమ్మా. నీకు తెలీదు గానీ, ఈ పొద్దు మహా గొప్ప దినం."

"తెలుసయ్యా. నూరు తొట్లంట కదా! కుప్పుసామి చెప్పినాడు. మీరు నూరేండ్లు సల్లగా ఉండాల" అంటూ ఆమె రెండు చేతులూ జోడించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

పనిమనిషికి సైతం సైన్సు మీద ఇంత అభిమానమా అని శేషాచలం కరిగిపోయాడు. "ఏమైనా కావాలంటే అడుగు, మొహమాటం వద్దు."

పచ్చయమ్మ కొంగు వేలికి చుట్టుకుంది.

"ఆ కొత్త తొట్లు కూడా గోడ పక్కనే పెట్టించండయ్యా. మా వీధికంతా దినమూ సాయంత్రం ఆ గోడమీద నించే బిందెలు అందిస్తా ఉండాను. మీరు తెలిసి కూడా ఒక్క దినమన్నా ఆ పక్క తొంగి చూడకుండా మా మానం కాపాడితిరి. మీ కండ్ల ముందర ముంచుకుంటే మర్యాదగా ఉండదనే, కిటికీ కాడి నాలుగు తొట్లలో నేను ఒక్క చెంబు కూడా ముంచలేదు!"