వీపుకు జోడు

“ఈపు మీద గా బస్త ఏందిరా? దించు కిందికి!”

ఉస్తాద్ ఆత్మారాం అరుపుకు ఇందూరు తాలీంఖానాలో దండీలు తీస్తున్నవాళ్లంతా ఆగిపోయారు. నర్సన్న మాత్రం ఆగలేదు. వీపు మీద వడ్ల బస్తాతో బస్కీలు తీస్తూనే ఉన్నాడు.

“నిన్నేరా! ఈపు కసరత్తు చేసేనాడు ఈపుకు రెక్కలు జోడు. మోకు ఎక్కాలె, గోదా తవ్వాలె. తొడల పని రేపు.”

“నాకు ఈపుకు తొడలే జోడు పెట్టు ఉస్తాద్. బోధన్ జాతర కుస్తీల దాక గంతే.”

“గదేం కుస్తీరా? కుస్తీ అంటె గుంజుడు. ఈపు, రెక్కలు ఒక్కపారే లేవాలె. మోసుడు హమాలీల పని!”

నర్సన్న చెమటలు కక్కుతూ, బస్తాతోనే వాకిట్లో అటూ ఇటూ నడవసాగాడు. మొండిఘటం!

బోధన్‌లో కొత్త చక్కెర కార్ఖానాకు బస్తాలు మోసేవాళ్లు కావాలట అని వెనక ఎవరో గుసగుసలాడారు. ఆ మాట అరుగు మీద మంచంలో ఉన్న ఆత్మారాం చెవిన పడింది. ప్రాణం చివుక్కుమంది. మోకాళ్లు పట్టేసి నడక పోయాక ఆయన ఆశలన్నీ ఈ ఒక్క శిష్యుడి మీదే. తన తర్వాత తాలీం నడిపేది వీడే అనుకున్నాడు. వీడూ పోతే ఇక తలుపులకు తాళమే.

“పోరా, పో! బస్తలే మొయ్యి. మల్ల నా గడప తొక్కకు” అన్నాడు.

జాతర నాడు బోధన్‌కు రానని భీష్మించుకు కూర్చున్నాడు. భార్య భీమవ్వ ఊరుకుంటుందా? “పిలగాడు గోదాల దిగేనాడు అలుగుతవా? ముసలోనివైనవ్ గని బుద్ధి రాలే” అని దబాయించి, నలుగురి చేత ఎడ్లబండి ఎక్కించింది.

బండి చెరకు తోటల మధ్య సాగుతుంటే ఆయన అలక ఎటు పోయిందో పోయింది.

“యాదికున్నదా? గీ తొవ్వపొంటి డప్పులు కొట్టుకుంట వస్తుంటిమి. గోదా మట్టిల పసుపు, నువ్వుల నూనె, మజ్జిగ కలిపేటోళ్లు. గా వాసనకే సగం బలం వస్తుండె.”

“నీ దోతుల గా మట్టి వదిలిచ్చి వదిలిచ్చి నా రెక్కలు వడిపోయినయ్. యాదికుండదా మరి!”

ఆయన పకపకా నవ్వాడు. ఆ వెంటనే కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. మళ్లీ ఒక్కసారి ఆ మట్టి మీద తిరిగితే చాలు, ఇంకేమీ వద్దనిపించింది.

బోధన్ గోదాలో ఒక ఆనవాయితీ ఉంది. కుస్తీకి ముందు ఉస్తాద్, శిష్యుడు కలిసి గోదా చుట్టూ తిరిగి జనానికి దండం పెట్టాలి. మోకాళ్లు పోయినప్పటి నుంచీ ఆత్మారాం శిష్యులు ఒంటరిగానే తిరుగుతున్నారు. దిక్కులేని తాలీం అని నవ్వేవాళ్లు నవ్వుతూనే ఉన్నారు.

అవతలి పహిల్వాన్ తన ఉస్తాద్‌తో దర్జాగా తిరిగి వచ్చాడు. ఈలలు మోగాయి. ఆత్మారాం బండిలో తల వంచుకున్నాడు. డప్పు రెండోసారి మోగింది. నర్సన్న గోదాలోకి వెళ్లకుండా బండి దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

“నా మొకమేం జూస్తున్నవ్? పో, దిగు. ఎట్లయిన రేపటి సంది కార్ఖాన్లకు పోయెటోనివే గద!”

“ఏ కార్ఖాన ఉస్తాద్?”

నర్సన్న వెనక్కి తిరిగి, బండి అంచుకు ఆనుకుని వీపు వంచాడు.

“ఎక్కు. గోదా సుట్టు నిన్ను తిప్పినంకనే కుస్తీ.”