ఉర్సూల్ వరస

"పేర్లు చెప్పలేకపోతే జెండా మేం పట్టుకుంటాం," అంది జెనోబీ. చర్చి హాల్లో కుర్చీలు సర్దుతున్న ఆడవాళ్ళు చేతులు ఆపి ఆల్డియా వైపు చూశారు.

జెనోబీ తప్పేమీ అనలేదు. ఆగస్టు పదిహేను ఊరేగింపులో ఉర్సూల్ జెండా పట్టుకునే మనిషి, ముందు ఉర్సూల్ దగ్గర్నుంచి తన దాకా తల్లీకూతుళ్ళ వరస అందరి ముందూ చెప్పాలి. కాగితం చూసి చదివితే ఒప్పుకోరు. రెండున్నర శతాబ్దాల కిందట ఇంగ్లీషు సిపాయిలు ఊళ్ళు తగలబెట్టి, కెనడా తూర్పు తీరంలో అకాడియా అనే ఆ ప్రాంతపు ఫ్రెంచి జనాన్నంతా ఓడలెక్కించి తోలేసినప్పుడు, నిండుచూలాలుగా అడవిలో దాక్కుని మిగిలిన మనిషి ఉర్సూల్. ఆ తీరంలో సగం మంది, జెనోబీ వాళ్ళతో సహా, ఆమె సంతానమే. ఆ గర్వం మాత్రం మిగతా సగానికీ ఉంది.

ఏటా దాన్ని మోసిన ఆల్డియా తల్లి దొమితిల్ద్ వృద్ధాశ్రమంలో చేరాక జెండా బీరువాలోనే ఉండిపోయింది. రేపటికి పేర్లు సంపాదిస్తానని, ఒక్కరోజు ఆగమని ఆల్డియా అడిగింది.

"ఆగుతాలే వదినా. జెండా మొయ్యడానికి చేతులుంటే చాలదు, వరస తెలియాలి. చుట్టరికాలు విప్పి చెప్పడంలో మీ అమ్మంత మనిషి లేదు కదా, ఆవిడ కూతురికే రాకపోవడమేంటో."

అదే ఆల్డియాకీ అర్థం కాలేదు. పెళ్ళి అనుకున్న ప్రతి ఇంటివాళ్ళూ ముందు దొమితిల్ద్ గడప తొక్కేవారు, పిల్లా పిల్లాడూ మరీ దగ్గరివాళ్ళేమో కనుక్కోవడానికి. ఊరందరి వంశాలూ విప్పిన మనిషి, ఇంట్లో ఆల్డియా అడిగితే మాత్రం దుంపలు కోరమనో, కోరిన దుంపల్లో నీళ్ళు పిండమనో పని పురమాయించేది. తనకి శ్రద్ధ లేదని అమ్మ ఉద్దేశం కాబోలనుకుంది ఆల్డియా. అమ్మమ్మ లియొకాది, ఆవిడ తల్లి అపొలిన్. అంతకు పైన ఆమెకి ఒక్క పేరూ రాదు.

వృద్ధాశ్రమంలో తల్లి కిటికీ పక్కన కూర్చుని ఉంది.

"దుప్పటి మార్చడానికొచ్చావా? పొద్దున్నే మార్చారు," అంది.

మొదటిసారి తల్లి తనని పోల్చుకోనప్పుడు ఆల్డియా కారులో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. రెండోసారి కళ్ళు తుడుచుకుని ఇంటికెళ్ళిపోయింది. ఇప్పుడు ఏడుపూ రావడం లేదు, కోపమూ రావడం లేదు. తిమ్మిరెక్కిన కాలు మీద నిలబడ్డట్టు ఉంటోంది రోజంతా. వస్తుంది, చారు తాగిస్తుంది, మూతి తుడుస్తుంది, వెళ్ళిపోతుంది. అమ్మ మర్చిపోతే మర్చిపోయింది, ఉర్సూల్ వరసలో చివరి పేరు తనది. దాన్ని ఎవరు మర్చిపోతే మాత్రం చెరిగిపోతుందా? ఆమె పట్టుకుని వేలాడుతున్నది ఆ ఒక్క మాటనే.

పేర్లు అడిగింది. మా ఇంటి సంగతులు పనివాళ్ళకి చెప్పనని ముసలామె మొహం తిప్పుకుంది. రెండోసారి అడిగితే కళ్ళు మూసుకుంది.

ఆల్డియా బయటికి వెళ్ళి, కోటు వేసుకుని, తలకి రుమాలు కట్టుకుని, తలుపు తట్టింది.

"లూసియానా నుంచి వచ్చానండీ," అంది. గొంతు మార్చాల్సిన అవసరం కూడా రాలేదు. "మా పూర్వీకులు ఇక్కణ్ణుంచి ఓడల్లో తోలేసినవాళ్ళే. ఉర్సూల్ వరస మీకు తప్ప ఇంకెవరికీ రాదని చెప్పారు. రేపు చర్చి హాల్లో అందరినీ కలిసేలోగా తెలుసుకుందామని వచ్చా."

ముసలామె నిటారుగా కూర్చుంది. జుట్టు సవరించుకుంది. అంత దూరం నుంచి వచ్చిన మనిషిని నిలబెట్టి మాట్లాడించినందుకు నొచ్చుకుని, కుర్చీ చూపించింది.

"రా అమ్మా, కూర్చో. టీ ఇప్పిద్దామంటే ఇక్కడ ఒక పనిమనిషి ఉంది, చెప్పిన మాట వినదు."

ఆల్డియా కూర్చుంది.

"ఉర్సూల్‌కి అడవిలోనే కాన్పయింది. పుట్టింది మార్త్. ఆ చలికాలమంతా ఒడ్డున దొరికిన గుల్లలు తిని పాలిచ్చింది ఆ తల్లి. మార్త్‌కి ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది మశూచికి పోయింది, రెండోది స్కొలాస్టిక్. దానికి నోరెక్కువ, మొగుడు చేపల వేటకెళ్ళి ఆర్నెల్లదాకా తిరిగొచ్చేవాడు కాదట, ఆ నోటికి భయపడే. స్కొలాస్టిక్ కూతురు మొదెస్త్. మొదెస్త్ కూతురు ఓజిత్. ఓజిత్ కూతురు అపొలిన్. అపొలిన్ కూతురు లియొకాది, మా అమ్మ. లియొకాది కూతురు దొమితిల్ద్. అంటే నేనే."

ఎక్కడా తడబడలేదు. ఉదయం తిన్నది గుర్తులేని మనిషి, రెండున్నర శతాబ్దాలు గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది.

ఆల్డియా పెదాలు కదుపుతూ ఒప్పజెప్పుకుంది. ఒక్క పేరూ తప్పలేదు. ఎన్నాళ్ళకో ఆమె గుండెలో కాస్త కదలిక వచ్చింది, సంతోషమేనని గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది. ఇక చివర తన పేరు తగిలించుకోవడమే మిగిలింది. రేపు జెనోబీ ఎదురుగానే నిలబడి గట్టిగా చెబుతుంది.

లేచి, వస్తానండీ అని చెప్పి, తలుపు దాకా వెళ్ళింది.

"ఒక్కమాటమ్మా," అని ముసలామె వెనక్కి పిలిచింది. "రేపు హాల్లో మా ఆల్డియా కనిపిస్తుంది నీకు. బంగారంలాంటి పిల్ల. రోజూ దాని కోసమే చూస్తుంటా, ఎందుకో రావడం మానేసింది. దాని ముందు మాత్రం ఈ వరస ఎత్తకు. పొత్తిళ్ళలో ఉండగా దాన్ని తెచ్చుకుని పెంచుకున్నామని దానికింతవరకూ తెలీదు."