గులాబీ చీటీ

"అదిగో మేడమ్, అగ్గి కక్కిన గుట్ట."

బీదర్ కోట బురుజు మీద నిలబడి, దూరంగా కనిపించే గుట్టను చేత్తో చూపించాడు గైడు సంగమేశ్.

ప్రేమల హైదరాబాద్‌లో లెక్చరర్. పాత కోటనూ, దాని అడుగున ఉన్న అగ్నిపర్వతం నాటి రాతినీ ఒక్కరోజులో చూడాలని అతని కారును పొద్దంతా మాట్లాడుకుంది.

ఆమె గుట్టవైపు చూసి ఎందుకో చిన్నగా నవ్వుకుంది. తన మాటకు మురిసిపోయిందనుకున్నాడు సంగమేశ్.

అంతలో వెనకనుంచి ఎవరో దగ్గారు.

సంగమేశ్ తిరిగి చూడలేదు. ఆ దగ్గు అతనికి బాగా తెలుసు.

తుకారాం. డెబ్భై దాటిన మనిషి. కోట మరమ్మతుల్లో ముప్పయ్యేళ్ళు రాళ్ళు మోశాడు. పని మానేశాక కూడా పొద్దున్నే వచ్చి కోటలో కూర్చుంటాడు. ఎవరైనా చూడ్డానికొస్తే మెల్లగా వెంట నడుస్తాడు.

"గుట్ట కాదమ్మా," అన్నాడు తుకారాం. "మనం నిలబడ్డ నేలంత అదే. భూమి పగిలి అగ్గి పారింది. సల్లారినంక నల్లరాయి అయింది. దాని మీదనే ఈ ఎర్రరాయి. కింద ఊట కాడికి పోయి చూడుండ్రి. నీళ్ళు ఎర్రరాయిలకెల్లి దిగి నల్లరాయి మీద ఆగుతయి."

ప్రేమల ఆయనవైపు తిరిగింది. ఇక సంగమేశ్ వైపు చూస్తే ఒట్టు.

ఇంత లోతు కందకం ఎలా తవ్వారని అడిగింది. ఎర్రరాయి తవ్వేటప్పుడు మెత్తగా ఉంటుందనీ, గాలి తగిలాకే గట్టిపడుతుందనీ ఆయన చెప్పాడు. ఆమె నోటుబుక్కు తీసి రాసుకుంది. సంగమేశ్ గంటసేపు చెప్పినప్పుడు ఆ బుక్కు సంచిలోంచి బయటికే రాలేదు.

సంగమేశ్ చేతిలోని కారు తాళాలు గలగలలాడించాడు.

ఇది ఇవాళ్టి సంగతి కాదు, మూడేళ్ళుగా ఇదే వరస. సుల్తానుల పేర్లూ తేదీలూ బట్టీ పట్టింది తాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కారు అద్దం మీద పేరూ నంబరూ పెద్దక్షరాలతో రాయించుకుంది తాను. తీరా ఫొటోలు మాత్రం అందరూ ఆ ముసలాయనతో దిగుతారు.

అంతకన్నా ఒళ్ళు మండే సంగతి ఇంకొకటుంది. వెళ్ళేవాళ్ళ చేతిలో తుకారాం ఒక చీటీ పెడతాడు. బీడీ కట్ట మీది గులాబీ కాగితం చింపి, పెన్సిల్ ముక్కతో రాసి ఇస్తాడు. దూరంనుంచి సంగమేశ్ ఒకసారి లెక్కపెట్టాడు కూడా. పది అంకెలు. ఫోన్ నంబరే, సందేహం లేదు.

తన కారులో వచ్చినవాళ్ళను తన కళ్ళముందే ఎగరేసుకుపోతున్నాడన్నమాట.

ఇవాళా అంతే. గోడమీద కూర్చుని తుకారాం చీటీ రాయడం మొదలుపెట్టాడు. ఆయన రాయడం పూర్తికాకముందే టైమైందంటూ సంగమేశ్ ప్రేమలను తొందరపెట్టి, తీసుకెళ్ళి కారులో కూర్చోబెట్టాడు. తాను మాత్రం దర్వాజా దగ్గరున్న వాచ్‌మన్ గుండప్ప దగ్గరికి వెళ్ళాడు.

"గుండప్పన్నా, కార్డు లేనోళ్ళు గైడు పని చేయొద్దని బోర్డు పెట్టిండ్రు గదా. ఆయనకేది కార్డు? నా గిరాకిని గుంజుకుంటుండు."

పాపం ముసలాయన ఎవరికేం అడ్డమని గుండప్ప నసిగాడు. పై ఆఫీసరుకు రాసిస్తానని సంగమేశ్ బెదిరించాడు. గుండప్పకు తన నౌకరీ ముఖ్యం కదా, లోపలికి వెళ్ళి తుకారాంకు సంగతి చెప్పాడు.

తుకారాం గోడమీంచి దిగాడు. రాసిన చీటీ జేబులో పెట్టుకుని, కర్ర పట్టుకుని దర్వాజా దాకా వచ్చాడు. సంగమేశ్ పక్కన ఒక్క క్షణం ఆగాడు.

"ఊట కాడ పాకుడు ఉంటది బిడ్డా. అమ్మను పైలంగ దింపు."

ఊట దగ్గర సంగమేశ్ ఆ నల్లరాయి కథంతా తన సొంత కథలాగే చెప్పాడు. ఆ మాటలు ఎవరివో ప్రేమలకు తెలుసు. తడిరాయి మీద అరచెయ్యి ఆనించి చూసింది. తర్వాత సంగమేశ్‌తో ఫొటో దిగింది. ఫొటోలో ముసలాయన లేకపోవడం అదే మొదటిసారి. సంగమేశ్‌కు ప్రాణం లేచివచ్చినట్టయింది.

సాయంత్రం తిరిగి వస్తుంటే గుండప్ప చెయ్యెత్తి కారు ఆపాడు.

"ముసలాయన మధ్యాహ్నం బస్సుకు బిడ్డ ఊరికి, చింతకికి పోయిండు. బిడ్డ ఎన్నడో రమ్మన్నదట, ఇగ అక్కడనే ఉంటనన్నడు. తిరిగి రమ్మని చెప్దామంటే ఆయనకు ఫోను గూడ లేదాయె."

పీడ వదిలిందనుకుంటూ సంగమేశ్ కారు కదిలించాడు. నాలుగు గజాలు పోయాక ఏదో ముల్లులా గుచ్చుకుంది.

ఫోనే లేనివాడు ఇన్నాళ్ళూ ఎవరి నంబరు రాసిచ్చాడు?

కూతురిదో అల్లుడిదో అయ్యుంటుందిలే అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు.

బస్టాండులో ప్రేమల సంచి దించుతూ, తన నంబరు ఆమెకు ఎలా దొరికిందో అడిగాడు. కారు అద్దం మీద చూసి ఎవరో చెప్పారని ఆమె అంటుందని అతని ఆశ.

తమ కాలేజీలో పనిచేసే ఒకావిడ పోయినేడు బీదర్ చూసి వచ్చి ఇచ్చిందంటూ, ఆమె పర్సు వెతికి ఒక కాగితం అతని చేతిలో పెట్టింది.

మడతలు పడి మెత్తబడ్డ గులాబీ కాగితం.

అందులో వంకరటింకర అంకెల్లో ఉన్నది సంగమేశ్ నంబరే.

దాని కింద పెన్సిల్‌తో రాసి ఉంది: "మీవోళ్ళు ఎవరన్న వస్తె, సంగమేశ్ మంచిగ చెప్తడు, ఆయననే పిలువుండ్రి, గుట్ట మాట ఒక్కటి నమ్మకుండ్రి."