దేవత నుదురు

తన సమాధి మీద పెట్టిన తేనెరొట్టెను లికిస్కోస్ తనే తినేశాడు. ఎవరికోసం పెట్టారని? తనకేగా!

మూడు రోజులుగా ఇదే అతని తిండి. ఇవాళ రొట్టె నిన్నటికన్నా పెద్దది. ఓడ మునిగి మూడు నెలలైనా మెలిట్ట మొగుడి ఆకలి మరిచిపోలేదు, పిచ్చి ముండ! అతనికి కళ్లనీళ్లు తిరిగాయి.

కొండెక్కి, గుడి హద్దురాయి దగ్గర ఆగాడు. ఐజీనా దీవిలో అతనిలాంటివాళ్లు అది దాటకూడదు. సొంత ఇంటి గడపైనా తొక్కకూడదు.

లోపల ఎండలో అతని అథీనా నిలబడి ఉంది. గుడి నెత్తిన, ముక్కోణపు గూట్లో నిలబెట్టడానికి ఐదేళ్లు చెక్కిన బొమ్మ. ఎక్కడో కింద నిలబడి చూసేవాళ్లకు ముఖం కుదురుగా కనబడాలని, నుదురు కావాలనే పెద్దదిగా చెక్కి ముందుకు వంచాడు. ఆ కిటుకు ఎవరికీ చెప్పకుండానే ఓడెక్కాడు.

బావమరిది యూఫ్రోన్ ఉలి పట్టుకుని నిచ్చెనెక్కుతున్నాడు.

"ఇదేం నుదురురా, బానలా ఉంది! చివర్లో మా బావ చెయ్యి తప్పినట్టుంది. పైకెత్తేలోపు కాస్త చెక్కేద్దాం."

లికిస్కోస్ హద్దురాయి ఇవతలినుంచే అరిచాడు.

"ఒరే యూఫ్రోన్! ఉలి దించరా! కిందికి దిగి, నేలమీద కూచుని చూడరా వెధవా!"

యూఫ్రోన్ తల తిప్పలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. కింద నిచ్చెన పట్టుకున్న కూలివాడు కీడు తగలకుండా రొమ్ము మీద మూడుసార్లు ఉమ్ముకున్నాడు.

"అయ్యా, మళ్లీ ఆ గొంతే!"

"విననట్టుండు. పలికావా, నీకూ మైల, గుడికీ మైల."

అంతలో మెలిట్ట కొండెక్కి వచ్చింది. మొగుడు పోయాడని కత్తిరించుకున్న జుట్టు ఇంకా చెవులదాకా కూడా పెరగలేదు.

"నువ్వైనా చెప్పవే మీ తమ్ముడికి!" అంటూ లికిస్కోస్ చెయ్యి చాచాడు.

ఆమె చప్పున వెనక్కి జరిగింది. అతని ముఖం చూడలేదు. అతని కాళ్ల దగ్గరి నేలను చూసి, కొంగు నోట్లో కుక్కుకుని, పూజారమ్మ ఇంటివైపు పరుగెత్తింది.

టంగుమని ఉలి దెబ్బ పడింది. నుదుటి అంచున చిన్న పెచ్చు లేచి కింద పడింది. లికిస్కోస్ హద్దురాయి పట్టుకుని బావురుమన్నాడు. ఊరు తనను పలకరించకపోయినా ఓర్చుకున్నాడు, ఇది మాత్రం అతనివల్ల కాలేదు.

యూఫ్రోన్ కూలివాడి చేత ఉలికి పదును పెట్టించుకుని, మళ్లీ సుత్తి ఎత్తాడు.

ఇంతలో వేణ్ణీళ్ల కుండ చంకనెత్తుకుని, వెనక ఊరి మంత్రసానితో, మెలిట్ట రొప్పుతూ వచ్చి కేకేసింది.

"ఆగరా తమ్ముడూ, మునిగిన ఓడలోంచి ఈదుకుంటూ బతికొచ్చిన మనిషికి మనమే తొందరపడి ముందుగానే దినాలు చేసేసి శవం కింద జమకట్టాం గానీ, పసిబిడ్డకు పోసినట్టు నీళ్లు పోసి పొత్తిళ్లలో చుడితే మీ బావ మళ్లీ పుట్టినట్టేనని పూజారమ్మ ఒప్పుకుంది!"