ఒక్కసారే తీయాల్సిన తలుపు

క్యాంపస్ హాస్టల్‌లో జంతువులను ఉంచనివ్వరని నా మనవరాలు అమల తన తాబేలును తార్నాకలో మా ఇంట్లో పెట్టింది. చిప్పను పెట్టెలా మూసుకునే జాతి అది. చలికాలమంతా నిద్రపోవాలట. హైదరాబాద్ చలి దానికి చాలదని, మట్టి, ఎండుటాకులు నింపిన డబ్బాలో ఉంచి, ఆ డబ్బాను చిన్న ఫ్రిజ్‌లో పెట్టింది.

"చీకటి పడంగనే ఒక్కసారి తలుపు తీసి గాలి తగలనియ్యి అమ్మమ్మా, ఎంబడే మూసెయ్. మాటిమాటికి తీస్తే వెచ్చబడి లేస్తది. లేస్తే బతకదు" అని చెప్పి వెళ్ళింది.

ఈ రాత్రి కూడా ఒక్కసారే తీశాను. మూసి వెనక్కి తిరిగానో లేదో, లోపలి నుంచి ఎవరో తట్టిన చప్పుడు. రెండుసార్లు తట్టి, కాస్త ఆగి, మరోసారి. రాత్రి ఆలస్యంగా వస్తే, పిల్లలు లేస్తారని మా ఆయన ఒంటి వేలితో అలాగే తట్టేవారు. ఆయన చివరి రోజు ఆసుపత్రిలో మా మధ్య మూసుకున్న అద్దం తలుపు గుర్తొచ్చి ఆగలేకపోయాను.

తీశాను. తాబేలు తల ముడుచుకుని, రాయిలా చల్లగా పడి ఉంది. దాని మీది ఆకు కూడా కదల్లేదు. మూశాను. మళ్ళీ అదే చప్పుడు.

అమలకు ఫోన్ చేశాను.

"లోపల తడుతోంది తల్లీ."

"నిద్రల ఉన్నది ఎట్ల తడ్తది? మోటర్ చప్పుడు అయ్యుంటది" అని నవ్వింది. "ఇంక తీయకు అమ్మమ్మా, నా మీద ఒట్టు."

సరేనని, ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని, ఫ్రిజ్‌కు వీపు ఆనించి కూర్చున్నాను. ఈసారి చప్పుడు నా వీపుకే తగిలింది.

"అమ్మమ్మా, ఎవరో తలుపు కొడ్తున్నరు" అంది అమల. "పాపం, ఎంతసేపటి సంది నిలబడ్డరో. పోయి తీయరాదు?"