అందరికీ వచ్చిన కల

కుట్టుమిషనును పాత ప్రామ్‌లో, పసిపిల్లల తోపుడుబండిలో, కూర్చోబెట్టి, దక్షిణాఫ్రికాలోని రైస్‌థార్ప్ బజారు వీధిలో సరస్ తోసుకుంటూ వస్తోంది.

రొట్టెల కొట్టు వరండా దగ్గర ఒక ముసలాయన అడ్డం వచ్చాడు.

"ఎక్కడికి తల్లీ, మిషనును?"

"అమ్మడానికి. నీకేం పని తాతా?"

ఆయన ఎవరో అక్కడ ఎవరికీ తెలియదు. పేరు అప్పల్సామి అనీ, లేడీస్మిత్ ఊరి నుంచి వచ్చాననీ మాత్రం చెప్పుకున్నాడు. కొంతకాలంగా ప్రతి ఉదయమూ ఆ వరండాలోనే కూర్చుంటున్నాడు.

ఆ వీధి ఆడవాళ్ల దగ్గర లొరెయిన్ అనే ఆమె ఫాఫీ జూదానికి పందేలు కట్టించుకునేది అక్కడే.

ఫాఫీలో ఒకటి నుంచి ముప్పై ఆరు వరకు అంకెలు. ప్రతి అంకెకూ ఒక కల. పెద్ద చేప కనిపిస్తే పదమూడు. రాజు కనిపిస్తే ఒకటి. ఆడవాళ్లు రాత్రి వచ్చిన కల చెప్పుకుని, దాని అంకె మీద పందెం కడతారు. మధ్యాహ్నం 'బ్యాంకు' మనిషి, అంటే ఆ జూదం నడిపేవాడు, కారులో వచ్చి, లొరెయిన్ దగ్గర పందేల సంచీ తీసుకుని, గెలిచిన అంకె చెప్పి వెళ్లిపోతాడు.

ముసలాయన పందెం కట్టేవాడు కాదు. కలలు మాత్రం అడిగి తెలుసుకునేవాడు.

"ఇంతమందికి చేప కనిపించిందా? అయితే చేప రాదు."

చేప రాలేదు.

"పావురాలూ రావమ్మా, దండగ."

పావురాలూ రాలేదు.

ఇలా పదే పదే జరిగింది. ఆయనను కారణం అడగవలసినవాళ్లు, ఆయననే కారణంగా తేల్చారు. ముసలాడి నాలుక మీద మచ్చ ఉందన్నారు.

అది తెల్లా నల్లా తేడా లేకుండా దేశమంతా మొదటిసారి ఒకే వరుసలో నిలబడి ఓటు వేసిన వారం. ఆ వారం ఆ వీధిలో ఎవరిని కదిలించినా రాజే కలలోకి వచ్చాడంటున్నారు. సరస్‌కు రాత్రి విడిచి రాత్రి కాదు, వరుసగా వచ్చాడు.

ఆమె భర్త రెజీ పనిచేసే చెప్పుల ఫ్యాక్టరీ మూతపడింది. అప్పటినుంచి ఆ ఇంటికి అన్నం పెడుతున్నది ఆ మిషనే. రాజు ఒక్కసారి గెలిస్తే పాత వ్యాను ఒకటి కొనవచ్చు. రెజీ కూరగాయలు వేసుకుని తిరగవచ్చు.

"రాజు నంబరుకేనా?" అని అడిగాడు ముసలాయన.

"మరి దేనికి? కొత్త రాజ్యం వచ్చింది మేన్! రాజు రాక దొంగ వస్తాడా?"

"అందరూ రాజు మీదే కడుతున్నారు కదమ్మా. అందుకే రాడు."

"ఐయో! అనేశాడు!" లొరెయిన్ నెత్తి కొట్టుకుంది.

"ఒకటి వచ్చి చాలా రోజులైంది. ఇప్పుడు వంతు దానిదే," అంది సరస్ పట్టుదలగా.

"వంతు మనం అనుకునేదే తల్లీ. నిన్న రాలేదని అంకెకేం గుర్తుంటుంది?"

"అంతా నీకెట్లా తెలుసు?"

ముసలాయన నోరు తెరిచాడు. చుట్టూ చేరిన ఆడవాళ్ల ముఖాలు ఒక్కొక్కటిగా చూశాడు. తల దించుకున్నాడు.

"నాలుక చూపించు తాతా!" అంది ఒకామె.

ఆయన డాక్టరు ముందు పిల్లవాడిలా నాలుక చాపాడు.

మచ్చ లేదు.

"కింద ఉంటుంది ఆంటీ, పైకి కనపడదు!" అంది ఇంకొకామె.

అందరూ నవ్వారు. సరస్ నవ్వలేదు.

"మా రెజీ పొద్దస్తమానం గోడ చూస్తూ కూర్చుంటున్నాడు. నా ఇంటి అన్నం మీద నీ నోరు పెట్టకు. నువ్వుంటే రాజు రాడు. ఫుట్‌సెక్!"

ఆ వీధిలో కుక్కను తరిమే మాట అది.

ముసలాయన టోపీ సర్దుకున్నాడు.

"పోతాను. మిషను మాత్రం ఉంచుకో తల్లీ."

ఆయన బస్సు ఎక్కేదాకా ఆడవాళ్లు కాపలా కాశారు.

సరస్ మిషను అమ్మేసి వచ్చింది. మొదట ఆ డబ్బులో సగమే కట్టాలనుకుంది. ఇప్పుడు అడ్డం తొలగింది కనుక మొత్తం ఒకటి మీదే కట్టింది.

మధ్యాహ్నం కారు వచ్చింది. సంచీతో కారు దగ్గరికి వెళ్లిన లొరెయిన్ చాలాసేపు అక్కడే నిలబడిపోయింది. తిరిగి వచ్చి మెల్లగా చెప్పింది.

"ఇరవై. పిల్లి."

ఆ వీధిలో పిల్లిని కలగన్నవాళ్లు ఎవరూ లేరు.

ఆడవాళ్లు గొణుక్కుంటూ ఇళ్లకు వెళ్లారు. సరస్ ఖాళీ ప్రామ్ పట్టుకుని మెట్టు మీదే కూలబడింది.

"ముసలాడు పోయాడు కదా లొరెయిన్. మరి రాజెందుకు రాలేదు?"

లొరెయిన్ వచ్చి పక్కన కూర్చుంది.

"కారులో ఆయన రోజూ నన్ను అడుగుతాడక్కా, ఇవాళ ఎక్కువమందికి ఏం కలొచ్చిందని. నంబరు చెప్పేముందే అడుగుతాడు. ఊరికే కబుర్లు అనుకుని చెప్పేదాన్ని."

సరస్ తల తిప్పి చూసింది.

"ఇవాళ తాత సంగతి కూడా చెప్పా. అప్పల్సామి అని ఒకడు వచ్చాడు, ఏది రాదంటే అది రాదు, తరిమేశామన్నా. ఆయన తెగ నవ్వాడు. మంచి పని చేశారన్నాడు."

"ఆయనకు తాత తెలుసా?"

"'ఈ సీటు నాకు వదిలి వెళ్లింది ఆ ముసలాయనే' అన్నాడు."

సరస్‌కు వెంటనే అర్థం కాలేదు.

"ఏ సీటు?"

"మీ అమ్మా మా అమ్మా ఇక్కడ పందేలు కట్టిన కాలమంతా, కారులో కూర్చుని వాళ్ల కలలు విని, ఏ కల ఓడాలో తేల్చినవాడు ఆ తాతేనక్కా."